సిటీస్ స్కైలైన్స్‌లో నా ఊరు జామ్ అయిపోయింది, కాస్త హెల్ప్ చేయండి

అందరికీ నమస్తే అన్నా, అక్కా. ఉప్పల్‌లో ఉంటా, రెండు నెలల నుంచి సిటీస్ స్కైలైన్స్ అనే ఊరు కట్టే కంప్యూటర్ గేమ్ ఆడుతున్నా, 2015లో వచ్చిన పాతదే, నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది, రెండో పార్ట్ మోయదు. జనాభా 40 వేలు దాటేదాకా మస్తు నడిచింది, ఆ తర్వాత హైవే దిగే చోట అంతా ఆగిపోయింది. ఆరు లేన్ల రోడ్డు వేశా, అయినా లారీలన్నీ ఒక్క లేన్‌లోనే, పొద్దున అమీర్‌పేట మెట్రో కింద ఆటోల్లా ఒకదాని వెనక ఒకటి, పక్క లేన్లేమో ఖాళీ! రౌండబౌట్ పెట్టి చూశా, జామ్ గుండ్రంగా అయింది అంతే.

ఫ్యాక్టరీలు ఊరికి ఒక మూల, షాపులు ఇంకో మూల పెట్టా, అదే తప్పేమో. ఇప్పుడు గూడ్స్ రైలు స్టేషన్ కట్టాలా, లేక జనాల కోసం ముందు మెట్రో వేయాలా? చేతిలో డబ్బు తక్కువే ఉంది, రెండూ కుదరవు.

ఇంకోటి, ఈమధ్య ఒకేసారి వందల ఇళ్ళల్లో మనుషులు పోతున్నారు, శవాల బండ్లు కూడా ఆ జామ్‌లోనే ఇరుక్కుంటున్నాయి. మొదట్లో పెద్ద కాలనీ మొత్తం ఒకేరోజు జోన్ చేశావు (ఇళ్ళకి స్థలం కేటాయించావు) కదా, వాళ్ళందరిదీ ఒకే వయసు, అందుకే కలిసి పోతున్నారు అంటున్నాడు మా తమ్ముడు. నిజమేనా? అయితే కొత్త కాలనీలు కొంచెం కొంచెంగా వేస్తే సరిపోతుందా? మోడ్‌లు (గేమ్‌కి బయటివాళ్ళు చేసిన అదనపు ఫైళ్ళు) లేకుండా అయ్యేది చెప్పండి, ప్లీజ్.