గుత్తికోయ పాపకు ఎస్టీ సర్టిఫికెట్: దారి తెలిసిన వాళ్లు చెప్పండి

నమస్తే అండీ. నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అడవి పక్క ఊళ్లో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మా ఐదో తరగతిలో ఒక గుత్తికోయ పాప ఉంది (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీలను ఇక్కడ గుత్తికోయలంటారు). 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక వాళ్ల నాన్న అక్కడి ఇప్పటి సుక్మా జిల్లా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఊరు తగలబడ్డప్పుడు కాగితాలూ పోయాయి. పాప పుట్టింది మాత్రం ఇక్కడే. బడిలో చేరినప్పుడు తెలుగు ముక్క రాదు. నీళ్లను 'ఏర్' అంటారని నాకే నేర్పింది! ఇప్పుడు పదిహేనో ఎక్కం గడగడా చెప్తుంది.

గురుకులం సీటుకు ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. "మీ రాష్ట్రం నుంచే తెచ్చుకోండి" అన్నారు. వలస వెళ్లిన చోట ఎస్టీ రిజర్వేషన్ వర్తించదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి వాళ్లను తప్పు పట్టలేను. కానీ పక్క ఊరి కోయ పిల్లలతో ఈ పాప ఇంచుమించు ఒకే భాషలో ఆడుకుంటుంది. వాళ్లు ఎస్టీ, ఈమె కాదు. ఇదెక్కడి విడ్డూరం?

సుక్మాలో తాత పేరు మీద పాత రికార్డు ఏమైనా ఉంటుందా? ఎవరిని అడగాలి? అక్కడి సర్టిఫికెట్ తెచ్చినా ఇక్కడ పనికొస్తుందా? లేదంటే ఆ కాగితం లేకుండానే కస్తూర్బా స్కూల్లో ఆరో తరగతిలో చేర్చుకుంటారా? ఇలాంటి పని చేయించిన వాళ్లుంటే చెప్పండి. వాళ్ల నాన్నది మిర్చి కూలి, ఒక్కరోజు పని మానినా ఇంట్లో ఇబ్బందే. అందుకే ఊరికే తిప్పడం ఇష్టం లేక అడుగుతున్నాను.