స్పెయిన్‌లో అద్దె కారు: ఎక్సెస్ ఇన్సూరెన్స్ బయట కొనాలా, కౌంటర్‌లో తీసుకోవాలా?

రెడింగ్_రమణి:
అందరికీ నమస్తే. ఈస్టర్ సెలవులకి యూకే నుంచి మలగా వెళ్తున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఖమ్మం నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య. (వాళ్ల షెంజెన్ వీసాలు వచ్చేసరికే సగం ప్రాణం పోయింది, అది వేరే కథ.) ఏడు సీట్ల బండి వారానికి 340 పౌండ్లకు బుక్ చేశాం. ఇప్పుడు ఇంట్లో గొడవంతా ఇన్సూరెన్స్ గురించే. బండికి ఏమైనా అయితే మొదటి 1,400 యూరోలు మనమే కట్టుకోవాలి. ఆ ఎక్సెస్ సున్నా చేయడానికి కౌంటర్‌లో రోజుకి 27 యూరోలట. అదే బయట విడిగా పాలసీ తీసుకుంటే వారానికి పాతిక పౌండ్లు, ఏడాది పొడుగునా యూరప్ మొత్తానికి 45 అని చూపిస్తోంది. మా ఆయన బయటిదే కొనేద్దామంటారు. స్లౌలో ఉండే మా పిన్ని కొడుకేమో "అక్కా, ఆ చవక పాలసీలు అక్కడ ఎవడూ ఒప్పుకోడు" అని భయపెట్టాడు. మీరేమంటారు?

లీడ్స్_బాబాయ్:
రమణి గారూ, వారానికి 189 యూరోలు! బండి అద్దెలో దాదాపు సగం. ఇందులో ఆలోచించడానికేముందండీ?

యూరప్‌లో మీరు కట్టే అద్దెలోనే మామూలుగా సీడీడబ్ల్యూ (బండి దెబ్బతింటే ఎక్సెస్ దాటిన ఖర్చు మన మీద పడకుండా చూసే కవర్), దొంగతనం కవర్, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఉంటాయి. ఇప్పుడు విడిగా కొనేది ఆ 1,400 కోసమే. పైగా ఆ సీడీడబ్ల్యూలో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం, పైకప్పు చాలా కంపెనీలు కలపవు. తాళం పోగొట్టుకున్నా, డీజిల్ బండిలో పెట్రోల్ కొట్టించినా ఖర్చు మీదే. కౌంటర్‌లో అమ్మే "ఫుల్ కవర్"లో కూడా వీటిలో కొన్ని ఉండవు, కాగితం చదివితే గానీ బయటపడదు. బయటి పాలసీల్లో ఇవి మామూలుగా ఉంటాయి. నేను ఏళ్ల తరబడి ఏడాది పాలసీయే కొంటున్నాను.

మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. ఆ పాలసీతో కౌంటర్ వాళ్లకి సంబంధమే లేదు. నష్టం జరిగితే వాళ్లు మీ కార్డు మీంచి లాగేసుకుంటారు, తర్వాత మీరు మీ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. "అది ఇక్కడ చెల్లదు" అని వాళ్లనేది అందుకే. చెల్లాల్సింది అక్కడ కాదు.

కాకినాడ_కాజా:
బాబాయ్ గారూ, "రాబట్టుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రాబట్టుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్తానండి.

గ్రనడాలో హోటల్ కింద పార్కింగ్. ర్యాంపు మలుపులో స్తంభం. కుడి డోరు మీద జానెడు గీత, వెనక చక్రం రిమ్ము చెక్కుకుపోయింది. బండి తిరిగిచ్చినప్పుడు కుర్రాడు టాబ్లెట్‌లో ఫోటోలు తీసి, నవ్వుతూ 640 యూరోలు, అడ్మిన్ ఫీజు 60 అన్నాడు. సరే, పాలసీ ఉందిగా అనుకున్నాం. ఇంటికొచ్చాక అడిగారు: అద్దె ఒప్పందం, డ్యామేజ్ రిపోర్టు, కార్డు స్టేట్‌మెంట్, లైసెన్స్ కాపీ, రిపేరు బిల్లు. మొదటి నాలుగూ ఉన్నాయి. బిల్లు మాత్రం లేదు, ఎందుకంటే ఆ బండికి వాళ్లు రిపేరే చేయించలేదు! రేటు కార్డు చూసి అంచనా వేసి డబ్బు లాగారు, అంతే. అంచనా కాగితం చాలదని ఇన్సూరెన్స్ వాళ్లు, అంతకుమించి ఇవ్వలేమని అద్దె కంపెనీ. నేను రాసిన ఇంగ్లీషుకి వాళ్ల జవాబు స్పానిష్‌లో. రెండు నెలలకి 640 వచ్చింది, మా పాలసీలో లేదని ఆ 60 మాత్రం రాలేదు.

డబ్బు రాలేదని కాదండి నా గొడవ. పెద్దవాళ్లనీ పిల్లలనీ వేసుకుని వెళ్లేవాళ్లకి ఈ తలనొప్పి దేనికి? 189 కట్టేసి, తాళం వాడి చేతిలో పెట్టి విమానం ఎక్కేయడం సుఖం.

హనుమకొండ_హరి:
అన్నా, మీరంత క్లెయిము గురించే మాట్లాడుతున్నరు. దానికన్న ముందు తాళం మన చేతికి రావాలె గద.

నేను యూకే వచ్చి ఏడాది గూడ కాలే. క్రెడిట్ కార్డు లిమిట్ 700 పౌండ్లు. పోర్చుగల్‌ల ఫారోల దిగి కౌంటర్ కాడికి పోతే 1,200 యూరోలు డిపాజిట్ లెక్క కార్డు మీద బ్లాక్ చేస్తమన్నరు. డెబిట్ కార్డుల పైసలున్నయ్, అది నడ్వదన్నరు. దోస్తు తన క్రెడిట్ కార్డు ఇస్తనన్నడు, డ్రైవర్ పేరు, కార్డు పేరు ఒక్కటే ఉండాలంట, అదీ నడ్వలే. ఆఖరికి వాళ్ల ఇన్సూరెన్స్ తీస్కుంటె బ్లాక్ 200కి దిగింది, డెబిట్ కార్డు గూడ పనికొచ్చింది. ఇంటికాడ కొన్న పాలసీ ఫోన్ల అట్లనే ఉంది, దేనికీ అక్కరకు రాలే.

రమణక్కా, ముందుగాల నీ కార్డు లిమిట్ ఎంతనో చూస్కో. మిగతా ముచ్చట్లు తర్వాత.

లీడ్స్_బాబాయ్:
హరి చెప్పినదాన్ని కాదనను. బయటి పాలసీ అంటే లిమిట్ ఉన్నవాడికే. ఆ బ్లాక్ బండి అప్పగించిన రోజే పోదు, బ్యాంకుని బట్టి వారం, పది రోజులు కూడా పడుతుంది. హోటల్ బిల్లు కూడా అదే కార్డు మీద పెట్టుకుంటే ఇబ్బందే.

ఇంకొకటి: బుకింగ్ సైట్లు చివరి పేజీలో "ఫుల్ ప్రొటెక్షన్" అని ఒక టిక్కు పెడతాయి. అదీ బయటి పాలసీ లాంటిదే, కట్టాక వెనక్కిచ్చే రకమే. అది కొన్నాం కదా, కౌంటర్‌లో అడగరు అనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. అక్కడా మొత్తం ఎక్సెస్ బ్లాక్ అవుతుంది.

కాజా గారికి: మీ ఇన్సూరెన్స్ వాళ్లు ఇక్కడి కంపెనీ అయితే ఎనిమిది వారాల్లో మీ ఫిర్యాదు తేల్చాలి. అది దాటినా, జవాబు నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ) వెళ్లొచ్చు, మనకి ఖర్చుండదు. మలగా కౌంటర్ మీద ఆ పని చేయగలరా?

కాకినాడ_కాజా:
అక్కడ ఆంబుడ్స్‌మన్‌తో పనే పడదు కదండీ, ఎక్సెస్ సున్నా అయితే! సెలవుకి వెళ్లొచ్చి ఆంబుడ్స్‌మన్‌కి అర్జీలు రాసుకోమనడం కూడా ఒక సలహాయేనా?

లెక్కల_మాస్టారు:
నన్నడిగితే రెండూ వద్దు. ప్రీమియం అంటేనే సగటు నష్టానికి పైన కంపెనీ ఖర్చు, లాభం కలిపిన మొత్తం. ఇల్లు కాలిపోతే తట్టుకోలేం కాబట్టి దానికి ఇన్సూరెన్స్ ఉండాలి. 1,400 యూరోలకి ఎవరూ రోడ్డున పడరు. ఏటా మిగిలే ఆ డబ్బు పక్కన పెట్టండి, ఎప్పుడైనా గీత పడితే అందులోంచి కట్టండి.

రెడింగ్_రమణి:
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ నర్సరీ ఫీజులు కట్టే ఇంట్లో 1,400 అంటే రోడ్డున పడకపోయినా వీధి గుమ్మం దాకా వెళ్తాం.

డాలస్_దొర:
మీరంతా ఇంత చర్చ ఎందుకు పెట్టుకున్నారో అర్థం కావట్లేదు. మా దగ్గర సొంత కారు పాలసీయే చాలావరకు అద్దె బండికీ వర్తిస్తుంది, మిగిలింది క్రెడిట్ కార్డు చూసుకుంటుంది. కౌంటర్‌లో అన్నిటికీ "నో" చెప్పి వచ్చేయడమే.

లీడ్స్_బాబాయ్:
దొరగారూ, అది అమెరికాలో సొంత కారున్న మీకు. యూకేలో మన సొంత కారు పాలసీ అద్దె బండికి మామూలుగా రాదు. ఇక్కణ్ణుంచి మీ ఊరొచ్చేవాళ్లు మీ మాట విని అన్నిటికీ "నో" అంటే కొంప మునుగుతుంది. అక్కడ సీడీడబ్ల్యూ విడిగా కొనేదే, అద్దెలో ఉండకపోవచ్చు. అదే లేకపోతే పోయేది 1,400 కాదు, బండి ఖరీదంతా. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే ఆ ఖర్చు వేరే, ఈ ఎక్సెస్ పాలసీలేవీ దాని జోలికి రావు.

రెడింగ్_రమణి:
అందరికీ థాంక్స్. కార్డు లిమిట్ చూశాం, 3,000 ఉంది, హోటల్ ముందే కట్టేశాం. కాబట్టి హరి చెప్పిన చిక్కు లేదు. ఇంకో ప్రశ్న, నవ్వకండి. మావయ్యగారు రోండా కొండదారిలో ఒక్క గంట నేను నడుపుతానంటున్నారు. ఆయనకి 71. ఇండియా లైసెన్స్. పాలసీ వర్తిస్తుందా?

కాకినాడ_కాజా:
అమ్మో! ఎడమ చేతి స్టీరింగు, కొండ మలుపులు, ఆపైన మావయ్యగారు! ఒప్పందంలో అదనపు డ్రైవర్‌గా పేరు రాయించకుండా ఆయన నడిపితే ఏ పాలసీ పనిచేయదు, కౌంటర్‌లో కొన్నదైనా సరే. ఇండియా లైసెన్స్‌కి అక్కడ ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతారు. బయటి పాలసీల్లో వయసు పరిమితి ఉంటుంది. యూకేలో నివాసం ఉండాలనే షరతు కూడా ఉంటుంది, అది అదనపు డ్రైవర్లకీ వర్తిస్తుందో లేదో చూడండి. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి, ఆ కొండలు బాగుంటాయి.

లెక్కల_మాస్టారు:
దీనికి మాత్రం నేను కాజా గారి పక్షమే.

లీడ్స్_బాబాయ్:
నేను కూడా. రమణి గారూ, బయటిదే తీసుకుంటున్నట్లయితే బండి తీసుకునే ముందే కొనండి, తాళం చేతికొచ్చాక కొంటే లెక్కలోకి రాదు. మీది ఏడు సీట్ల బండి కాబట్టి ఎన్ని సీట్లవరకో చూసుకోండి, తొమ్మిది దాకా చాలావాటిలో ఉంటుంది. పార్కింగ్‌లోంచి కదలకముందే వీడియో తీయండి: నాలుగు రిమ్ములు, బంపర్ కింది అంచు, ముందు అద్దం, పైకప్పు, ఇంధనం ముల్లు. పాత గీతలు వాళ్ల కాగితంలో లేకపోతే రాయించాకే బయటికి రండి.

కాకినాడ_కాజా:
మీరెలాగూ బయటిదే కొనేలా ఉన్నారు కాబట్టి ఇదొక్కటి వినండి. తిరుగు విమానం తెల్లవారుజామునైతే ఆఫీసు మూసి ఉంటుంది, తాళం డబ్బాలో పడేసి పొమ్మంటారు. ఆ తర్వాత పార్కింగ్‌లో ఎవరు గీకినా మీ లెక్కే. మనిషి ఉండే వేళకే అప్పగించి, "డ్యామేజ్ లేదు" అని రాసిచ్చిన కాగితం తీసుకోండి. మీ విమానం ఎన్నింటికి?

రెడింగ్_రమణి:
ఉదయం 6:40కి. ముందురోజు రాత్రే ఇచ్చేసి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్‌లో పడుకోవాలన్నమాట. మా ఆయనకి ఇప్పుడే చెప్తాను, ఆ హోటల్ ఖర్చు కూడా పాలసీ ధరలో కలిపి లెక్కేయమని.