ఇన్ఫోగ్రాఫిక్స్‌ (అంకెలను, సమాచారాన్ని చూపే బొమ్మలు)తో పాఠం చెప్పేవాళ్లు మీ అనుభవాలు పంచుకోండి

సోషల్_టీచర్_కోనసీమ:
ఎనిమిదో తరగతికి నీటి వనరులను ఒక్క పేజీ బొమ్మలో పెట్టాను. భూమ్మీది నీళ్లు వంద బిందెలనుకుంటే 97కి పైగా ఉప్పునీళ్లే. మిగిలిన మంచినీళ్లలో మూడింట రెండొంతులు మంచుగడ్డలే. కింద మా పిల్లల ఇళ్లలో రోజువారీ వాడకం: వానాకాలం 20 బిందెలు, ఎండాకాలం 10. వారం తర్వాత అడిగితే బిందెలు గుర్తున్నాయి, అంకెలు లేవు. ఇలాంటివి పాఠానికి ముందు చూపించాలా, తర్వాతా? బొమ్మ జత చేశాను.

పల్లెబడి_ఎస్జీటీ:
రంగుల ప్రింట్లు మాకెక్కడివండీ! జిరాక్స్ తీస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగు. అందుకే నదుల పొడవులు వరండా గోడ మీద గీశాను. వంద కిలోమీటర్లకు ఒక జాన. కృష్ణ 1,400 అంటే 14 జానలు, గోదావరి 1,465 అంటే ఇంకో అర జాన పైన. పిల్లలు ఇప్పటికీ జానలు వేసి కొలుస్తూనే ఉంటారు.

లెక్కల_మాస్టారు:
22 ఏళ్లుగా గ్రాఫులు చెబుతున్నాను, అందుకే అంటున్నా. మేడమ్, మీ 20 బిందెల బొమ్మ 10 బిందెల బొమ్మకు పొడవూ రెట్టింపు, వెడల్పూ రెట్టింపు. అంటే కంటికి నాలుగు రెట్లు. తప్పు బొమ్మ.

సోషల్_టీచర్_కోనసీమ:
కింద అంకె రాశాను కదా సార్!

లెక్కల_మాస్టారు:
అంకెలు గుర్తులేవని మీరే రాశారు. మరి వాళ్ల బుర్రలో మిగిలింది నాలుగు రెట్లే కదా?

సోషల్_టీచర్_కోనసీమ:
రెండు రాత్రులు కూర్చుని చేశాను. తప్పులు వెతకడానికే వస్తే ఇక్కడ ఎవరూ ఏమీ పెట్టరు.

బయో_మేడమ్:
ఇద్దరూ కాస్త ఆగండి. రంగుల సంగతి వదిలేశారు. నా ఆహారం చార్టులో తినాల్సినవి ఆకుపచ్చ, తగ్గించాల్సినవి ఎరుపు. ఒక అబ్బాయి రెండూ ఒకటే అన్నాడు. అల్లరి అనుకుని తిట్టాను. తర్వాత తెలిసింది, వాడికి ఆ రెండు రంగుల తేడా కనిపించదని. ఆ బాధ ఇంకా పోలేదు. మగపిల్లల్లో ఇది ఎక్కువ. అప్పటి నుంచి గీతలు, చుక్కలు కూడా పెడుతున్నాను.

లెక్కల_మాస్టారు:
విస్తీర్ణం చిన్న విషయం కాదండీ. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువ మంది చనిపోయారని నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో బొమ్మ వేసి చూపించింది. ప్రతి ముక్క విస్తీర్ణం లెక్క ప్రకారమే గీసింది. మేడమ్ కష్టాన్ని తక్కువ చేయలేదు.

డైట్_విద్యార్థిని:
సార్, మరి పిల్లల చేతనే గీయిస్తే? మా టీచర్ ట్రైనింగ్ ప్రాక్టీసులో ఐదో తరగతి వాళ్లు మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఎంతమంది తిన్నారో కంచాలు గీశారు. పదిమందికి ఒక కంచం. గుడ్డు పెట్టిన రోజు కంచాల వరస పొడవుగా ఉందని అందరికంటే ముందు వాళ్లే పట్టేశారు.

పల్లెబడి_ఎస్జీటీ:
నలుగురైతే కంచం ఎలా గీశారమ్మా?

డైట్_విద్యార్థిని:
దాని మీదే అరగంట గొడవ సార్. చివరికి సగం కంటే కొంచెం తక్కువ గీశారు.

సోషల్_టీచర్_కోనసీమ:
ఒకే సైజు బిందెలు, ఒక వరసలో 20, ఇంకో వరసలో 10 గీసి రేపు పెడతాను. మాస్టారూ, చూసి చెప్పండి. ముందా, తర్వాతా అన్నది మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.