గాలిగొట్టం క్యాన్సరుకు ముందు కోతా, కరెంటా?

చంపావతి (విజయనగరం జిల్లా):
మా అమ్మకు 54 ఏళ్లు. ఉబ్బసమని పద్నాలుగు నెలలు ఇన్‌హేలరు వాడించారు. ఉబ్బసంలో ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయంటారు గానీ, అమ్మకు పీల్చేటప్పుడే గొంతు దగ్గర ఈల వేసినట్టు చప్పుడయ్యేది. చివరకు సి.టి. స్కానులో గాలిగొట్టంలో మూడు సెంటీమీటర్ల కంతి కనబడింది. ముక్క తీసి పరీక్షిస్తే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే అరుదైన రకం క్యాన్సరని తేలింది. సర్జను ముంబయి వెళ్లి ఆపరేషను చేయించుకోమంటున్నారు. మా మేనమామ మాత్రం విశాఖలోనే కరెంటు (రేడియేషను) పెట్టిస్తే చాలునంటున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

నాగావళి (శ్రీకాకుళం):
ముందుగా ఒక మాట. మన వైపు ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఉన్నందున అమ్మగారు చుట్ట తాగేవారా అని అడిగేవాళ్లు ఉంటారు, నొచ్చుకోకండి. గాలిగొట్టంలో పొగాకుతో ముడిపడినది స్క్వామస్ రకం, ఇది కాదు. ఏటా పది లక్షల మందిలో ఒకరికి మించి రాని జబ్బు కాబట్టి లెక్కలు కూడా తక్కువే. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వారు నలభై ఏళ్లలో చూసిన 270 మంది వివరాలను 2004లో ప్రకటించారు. అమ్మగారి రకంలో కంతిని తీయగలిగినవారిలో 52 శాతం, తీయలేకపోయినవారిలో 33 శాతం ఐదేళ్లు బతికారు. స్క్వామస్ రకంలో ఆ అంకెలు 39, 7. కనుక ఆపరేషనే చేయించండి.

వంశధార (టెక్కలి):
నాగావళి గారూ, ఆ పోలికను నేను ఒప్పుకోలేను. తీయలేకపోయినవారంటే చాలామటుకు అప్పటికే జబ్బు ముదిరినవారు, కాబట్టి తేడా అంతటినీ కోత ఖాతాలో వేయడం న్యాయం కాదు. మా నాన్నగారి గొంతు క్యాన్సరుకు విశాఖలో గది అద్దెకు తీసుకుని ఆరు వారాలు రోజూ కరెంటుకు తీసుకువెళ్లాను. ఇంటికి దగ్గరగా ఉండటం రోగికి ఎంత ధైర్యమో కళ్లారా చూశాను.

నాగావళి:
మీ ఆక్షేపణ సరైనదే, అంకెను అంత గట్టిగా చెప్పి ఉండకూడదు. అయినా నా అభిప్రాయం మారలేదు. గాలిగొట్టం పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. అనుభవమున్న సర్జను అందులో దాదాపు సగం వరకు తీసి, కొసలను కలిపి కుట్టగలరు. కుట్టు సాగకుండా గడ్డాన్ని ఛాతీకి కుట్టి, వారం దాకా మెడ వంచే ఉంచుతారు. అయితే ఈ రకం కంటికి కనబడే హద్దు దాటి పొర కిందా నరాల వెంటా పాకుతుంది, అందువల్ల కోత తర్వాత తరచూ కరెంటు కూడా అవసరమవుతుంది. అంటే రెండింటిలో ఒకటి ఎంచుకోవడం కాదు, ఏది ముందన్నదే ప్రశ్న. పూర్తి మోతాదు కరెంటు ముందే పెట్టేస్తే ఆ తర్వాత వేసే కుట్లు సరిగా మానకపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే సర్జను స్కాను చూసి తీయలేమని తేల్చిన తర్వాతే కరెంటుకు వెళ్లాలంటున్నాను. కోత ముంబయిలో అయినా, తర్వాతి కరెంటు విశాఖలో పెట్టించవచ్చేమో అడగండి.

వంశధార:
వరుస గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. చంపావతి గారూ, పడుకుంటే అమ్మగారికి ఆయాసం పెరుగుతోందా? పెరుగుతుంటే రైలెక్కించకముందే విశాఖలో చూపించండి. బ్రాంకోస్కోపు (గాలిగొట్టంలోకి దించి చూసే గొట్టం) ద్వారా కంతిని కొంత తొలిచి దారి వెడల్పు చేయగలరు.

చంపావతి:
అవునండి, రెండు దిండ్లు లేకుండా పడుకోలేకపోతోంది. రేపు ఉదయమే విశాఖ తీసుకువెళుతున్నాం. స్కాను సీడీని మామయ్య ముంబయి పంపిస్తానన్నారు.