పులికాట్‌లో వలస పక్షులు చూడ్డానికి అక్టోబర్ చివర మంచిదా, నవంబర్ దాకా ఆగాలా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఈసారి అమ్మాయిని తీసుకుని ఒక రోజంతా పులికాట్ సరస్సు దగ్గర గడపాలని ఉంది, సూళ్లూరుపేట దాకా పొద్దున్నే రైల్లో వచ్చేస్తాం, అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప వరకు ఆటోలు దొరుకుతాయా, దొరికితే మనం చూసేంతసేపు ఆగుతారా?

అసలు టెన్షన్ వానల గురించి. ఫ్లెమింగోలకైనా, బురదలో పరుగెత్తే చిన్న ఉల్లంకి పిట్టలకైనా లోతు తక్కువ నీళ్లే కావాలి కదా, మరి ఈశాన్య రుతుపవనాలకు సరస్సు నిండిపోయాక అవి రోడ్డుకు దూరంగా వెళ్లిపోతాయా? నాకు ఫ్లెమింగోల కన్నా ఆ చిన్నవాటి మీదే ఎక్కువ ఇష్టం. పిడికెడంత ఉండే పిట్టలు సైబీరియా నుంచి ఇంత దూరం ఎగిరొస్తాయంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఇక్కడికి చేరేసరికి వాటి ఎండాకాలపు రంగులు పోయి అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. కాళ్ల రంగు చూడాలా, ముక్కు పొడవు చూడాలా, మీరెలా గుర్తుపడతారు?

నేలపట్టు పక్షుల అభయారణ్యం కూడా అదే రోజు పెట్టుకోవచ్చా? అప్పటికి గూడబాతులు వచ్చి ఉంటాయా? ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే ఇప్పుడు నీళ్లు ఎంతవరకు ఉన్నాయో దయచేసి చెప్పండి.