ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే కుటుంబం ఫోటోలు ఎప్పుడు తీయాలి?

కృష్ణా తీరం:
మా చెల్లి పెళ్లి విజయవాడలో. ముహూర్తం రాత్రి 1 గంట 42 నిమిషాలకు. రెండు వైపుల కుటుంబాల గ్రూప్ ఫోటోలు సాయంత్రమే తీసేద్దామని నేనంటున్నాను. మా మేనత్త ససేమిరా అంటోంది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరులు ఒకరినొకరు చూడకూడదనే కదా మధ్యలో తెర పట్టేది, ఆరింటికే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఇక ఆ తెర దేనికి అని ఆవిడ వాదన. అదీ నిజమే. కానీ తాతయ్యకు 84 ఏళ్లు, షుగర్ ఉంది. తలంబ్రాలయ్యేసరికి రెండున్నర దాటుతుంది. అప్పటికి సగం మంది బంధువులు బస్సెక్కేసి ఉంటారు. తాతయ్య లేని ఫోటోను మా ఇంట్లో ఎవరూ కుటుంబం ఫోటో అనుకోరు. మీరేమంటారు?

ఓరుగల్లు కెమెరా:
వరంగల్‌లో పెళ్లిళ్లు తీస్తుంటాను. అన్ని ఫోటోలనూ ఒకే మూటగా కట్టి ముందా తర్వాతా అని అడిగితే ఇది తేలదక్కా. అమ్మాయి తన వాళ్లతో, అబ్బాయి తన వాళ్లతో దిగే ఫోటోలకు తెరతో పేచీ లేదు. అమ్మాయివి గౌరీపూజకు కూర్చోకముందు, అబ్బాయివి విడిదిలోనే తీసేయొచ్చు. ఇద్దరూ కలిసి ఉండాల్సినవి నిజానికి నాలుగైదే. రెండు వైపుల తల్లిదండ్రులతో, తాతలు నాన్నమ్మలతో, తోబుట్టువులతో, అందరూ కలిసి ఒకటి. అవి తలంబ్రాలయ్యాక తీసుకోండి.

లెక్క చూడండి. మనుషుల్ని పిలిచి, నిలబెట్టి, కళ్లు మూయకుండా ఒకటి రాబట్టడానికి గ్రూపుకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. 15 గ్రూపులంటే దగ్గర దగ్గర గంట. రాత్రి రెండున్నర తర్వాత ఆ గంట ఎవరి దగ్గరా ఉండదు. పంతులుగారికి ఇంకా క్రతువు మిగిలి ఉంటుంది, పెళ్లికూతురికి కళ్లు మూతలు పడుతుంటాయి.

ఇంకొకటి, మీ ఫోటోగ్రాఫర్‌ను ముందే అడగండి. క్యాండిడ్, అంటే పోజు లేకుండా సహజంగా ఉన్నప్పుడు తీసేవాళ్లు, 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర, అంటే బాగా తెరిచి, పెట్టుకుని తిరుగుతారు. ఒక ముఖానికి అది అందం. రెండు వరుసల గ్రూపును అదే సెట్టింగ్‌లో తీస్తే ముందు కూర్చున్నవాళ్లు స్పష్టంగా, వెనక నిలబడ్డవాళ్లు మసకగా వస్తారు. గ్రూపుకు లెన్స్ తెరుపు తగ్గించి ఎఫ్ 5.6 నుంచి 8 దాకా పెట్టాలి, దానికి తగ్గ లైట్లూ కావాలి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే ఆ కాసేపు ఆపించండి, లేకపోతే ముఖాలు నల్లబడతాయి. హాలు ఇరుకైతే వైడ్ లెన్స్ వేస్తారు, చివర్లో ఉన్నవాళ్లు సాగిపోయి లావుగా కనిపిస్తారు. పెద్దవాళ్లను మధ్యలో కుర్చీల్లో కూర్చోబెట్టండి.

తెనాలి పెద్దాయన:
అమ్మా, పై బాబు చెప్పిన సాంకేతిక విషయాలు బాగున్నాయి. కానీ సాయంత్రం తీసిన ఫోటోలో పెళ్లి ఎక్కడుంది? మెడలో తాళి ఉండదు, కాళ్లకు మెట్టెలుండవు, కొంగుముడి ఉండదు. తలంబ్రాల బియ్యం జుట్టులో ఇరుక్కుని, నుదుట బాసికం కాస్త పక్కకు జరిగి, ఇద్దరూ అలసిపోయి నవ్వుతున్నప్పుడు తీసిన ఫోటోనే పెళ్లి ఫోటో. మేకప్ చెదరకూడదని వేళ మార్చుకుంటూ పోతే చివరికి షూటింగ్ కోసం పెళ్లి చేసినట్టవుతుంది.

జాబితా రాసుకోవడానికి మాత్రం నేను వ్యతిరేకిని కాను. మా రోజుల్లో ఫిల్మ్ రోలుకు 36 ఫోటోలు వచ్చేవి. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో ఇంటి పెద్ద ముందే చెప్పేవాడు. వేలకొద్దీ తీసే ఈ రోజుల్లోనే ఆ ఆలోచన పోయింది. మేనమామతో అమ్మాయి ఫోటో ఉందా అని వీడ్కోలయ్యాక వెతుక్కుంటున్నారు. గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చినవాడు ఆయన!

తాతగారిని భోజనం చేయించి పడుకోబెట్టండి, ముహూర్తానికి లేపండి. అక్షింతలు వేయడానికి ఎలాగూ లేస్తారు కదా.

కృష్ణా తీరం:
బాబాయిగారూ, లేస్తారు, పట్టుబట్టి మరీ లేస్తారు. అక్షింతలు వేయడానికి ఐదు నిమిషాలు చాలు. గ్రూపుల కోసం ఆ వేళప్పుడు గంటసేపు కూర్చోబెట్టడమే నాకు టెన్షన్.

భాగ్యనగర్ బస్తీ:
మర్నాడు రిసెప్షన్ పెట్టుకోండి, అందరూ స్టేజీ ఎక్కుతారు, పని అయిపోతుంది. ఇంత చర్చ ఎందుకు?

ఓరుగల్లు కెమెరా:
రిసెప్షన్ స్టేజీ అతిథులది అన్నా. వరుస కదులుతూనే ఉంటుంది. కవరిచ్చి, చేయి కలిపి, కెమెరా వైపు చూసి దిగిపోతారు. ఇంటివాళ్లేమో కింద వచ్చినవాళ్లకు మర్యాదలు చేస్తుంటారు. అంతా అయ్యాక ఆల్బం వేయడానికి కూర్చుంటే ఆఫీసువాళ్ల ఫోటోలు 40 ఉంటాయి, సొంత అక్కతో ఒక్కటీ ఉండదు.

పాలమూరు పిల్ల:
వేళ గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. మా అన్న పెళ్లికి నాన్న లేరు. పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. తర్వాత ఫోటోలకు "తల్లిదండ్రులు రండి" అని పిలిస్తే కూడా వాళ్లనే నిలబెట్టారు. "ముత్తైదువలు ముందుకు రండమ్మా" అని ఇంకెవరో అన్నారు. అమ్మ భోజనాల దగ్గర వడ్డన చూస్తూ ఉండిపోయింది. అన్నను పెంచింది ఆవిడ. పెళ్లిబట్టల్లో ఉన్న కొడుకు పక్కన ఆవిడ ఫోటో ఆ ఆల్బంలో ఒక్కటీ లేదు. ఎవరూ కావాలని చేయలేదు, ఎవరూ ఆపనూ లేదు.

క్రతువులో ఎవరు కూర్చోవాలో పంతులుగారు చెబుతారు, సరే. ఫోటోకు ఏ శాస్త్రమూ లేదు. అందుకే జాబితా కాగితం మీద రాయండి, పేర్లతో సహా. "అమ్మానాన్నలు" అని రాసి వదిలేయకండి. మనిషి ఒంటరిగా ఉన్నా, విడాకులు తీసుకున్నా, మాటల్లేని అన్నదమ్ములైనా, ఎవరు ఎవరితో దిగాలో ముందే తేల్చండి. అప్పటికప్పుడు స్టేజీ మీద తేల్చాల్సి వస్తే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది.

తెనాలి పెద్దాయన:
పాలమూరు తల్లీ, నీ మాటకు ఎదురు చెప్పలేను. అలాంటి ఫోటో ఎప్పుడు తీసినా ఫర్వాలేదు, తీయకపోవడమే తప్పు.

న్యూజెర్సీ నుంచి:
ఇక్కడ హాలు గంటల లెక్కన ఇస్తారు కాబట్టి చాలామంది పగటి ముహూర్తమే పెట్టించుకుంటారు. ముహూర్తానికి ముందే వధూవరులను కలిపి ఫోటోలు తీయడం మా దగ్గర మామూలైపోయింది. మా అమ్మాయి మాత్రం తెర తీసేదాకా అబ్బాయిని చూడనంది. దాంతో వరంగల్ తమ్ముడు చెప్పినట్టే విడివిడిగా తీశాం. పేర్లు చదివి పిలవడానికి ఒక్కో వైపు ఒకరిని పెట్టాం, పెళ్లికూతురి అన్నకు మాత్రం ఆ పని అప్పజెప్పలేదు. అతనికి అప్పుడు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

కృష్ణా తీరం:
సరే, తాతయ్యతో, మేనత్తతో, మామయ్యతో చెల్లి ఫోటోలు ఆరింటికి గౌరీపూజకు ముందు తీయిస్తాను. ఎనిమిదిలోపు తాతయ్య భోజనం, మాత్ర. ఇద్దరితో కలిపి తీసేవాటిలో మొదటిది తాతయ్యది, తలంబ్రాలు అయిన వెంటనే. మేనత్త దీనికి ఒప్పుకుంది. పేర్లు రాస్తున్నాను. మా పెద్దనాన్నల మధ్య మాటల్లేవు, అక్కడే పెన్ను ఆగింది.

పాలమూరు పిల్ల:
వాళ్లను ఒకే ఫోటోలోకి లాగకు అక్కా. చెల్లితో విడిగా ఒక్కొక్కటి పెట్టు. అందరూ కలిసి దిగే పెద్ద ఫోటోలో చెరొక చివర నిలబడతారు.

తెనాలి పెద్దాయన:
చివర్లో వద్దమ్మా, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. మీ తాతగారికి చెరో పక్కన కుర్చీ వేయి. తండ్రి పక్కన కూర్చోను అని ఏ కొడుకూ అనడు.

ఓరుగల్లు కెమెరా:
అబ్బాయి వాళ్లకు ఈ పద్ధతంతా ఎవరు చెబుతున్నారు? విడిదికి కెమెరా పంపాలంటే వాళ్లు ఐదున్నరకల్లా తయారై ఉండాలి. ఈ వారంలోనే మీ నాన్నగారి చేత వియ్యంకుడిగారికి ఫోన్ చేయించండి. ఎదుర్కోలు దగ్గర చెబితే మాత్రం ఒప్పుకోరు.