పరాయి పాస్‌పోర్టుతో సొంత దేశానికి వచ్చినవారు తిరిగి వచ్చినట్టేనా? (ఘానా గురించి చర్చ)

తేమా గుమాస్తా

ఘానాలోని తేమా రేవు పట్టణంలో, ఒక కర్మాగారంలో పదకొండేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. మా గిడ్డంగి పర్యవేక్షకుడు కుమాసి ప్రాంతపు మనిషి. ఇరవై రెండేళ్ళు హాంబర్గులో పనిచేసి, మూడేళ్ళ క్రితం కుటుంబంతో సహా వచ్చేశాడు. విదేశాల్లో సంపాదించి వచ్చినవారిని ఇక్కడ ‘బోర్గా’ అంటారు. ఒకప్పుడు హాంబర్గుకు వలస వెళ్ళిన ఘానా వాళ్ళ వల్లనే ఆ మాట పుట్టిందంటారు. పలకరింపులో గౌరవం ఉంటుంది, ఆ వెంటనే జేబు వైపు ఒక చూపు కూడా ఉంటుంది.

అతను జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజుల్లో, దాని కోసం పాత పౌరసత్వాన్ని వదులుకోవాలని జర్మనీ షరతు పెట్టేది. ఘానా 1996లోనే ద్వంద్వ పౌరసత్వానికి ఒప్పుకున్నా, ఆ షరతు ముందు అది అక్కరకు రాలేదు. అందుచేత అతను పుట్టిన ఊరికి విదేశీయుడిగా వచ్చాడు. విదేశీయులకు యాభై ఏళ్ళకు మించి భూమిని లీజుకు ఇవ్వరాదని ఘానా రాజ్యాంగంలోని 266వ అధికరణం చెబుతున్నది. “నాకిప్పుడు యాభై మూడు, ఇంకో యాభై చాలవా?” అని నవ్వుతాడు.

నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉండవచ్చు. కష్టం వస్తే మళ్ళీ విమానం ఎక్కగల మనిషి తిరిగి వచ్చినట్టు కాదు, బస మార్చినట్టు. మీరేమంటారు?

నీలిమేఘం

గుమాస్తా గారూ, మీ మాటతో నేను ఏకీభవించలేను. లండన్‌లో నాతో పనిచేసే నర్సుల్లో ఘానా నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. వెనక్కి వెళ్ళడమా మానడమా అన్నది వాళ్ళు భోజన విరామంలో రోజూ మాట్లాడుకునే విషయమే. వాళ్ళను ఆపుతున్నది సుఖం మీద మోజు కాదు. 2022లో ఘానా కరెన్సీ అయిన సెడి విలువ కుప్పకూలింది. ఆ డిసెంబరులో ప్రభుత్వం చాలావరకు విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపివేసింది. దేశం లోపల బాండ్లు కొన్నవారికి కూడా కోత తప్పదనడంతో, 2023 ఫిబ్రవరిలో పింఛనుదారులు ఆర్థిక మంత్రిత్వ శాఖ ముందు నిరసనకు దిగారు. వారితో మాజీ ప్రధాన న్యాయమూర్తి సోఫియా అకుఫో కూడా నిలబడ్డారు. జీవితమంతా దేశంలోనే ఉండి కొలువు చేసినవారికే ఆ గతి పడితే, రెండు దశాబ్దాల పొదుపు మూటకట్టుకుని వచ్చే మనిషి ఒక పాస్‌పోర్టును అట్టే పెట్టుకోవడం తప్పెలా అవుతుంది? అది బీమా పత్రం వంటిది. బీమా కట్టినవాడు చావును కోరుకున్నట్టు కాదు కదా!

పాతబడి పంతులు

నేను చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1983 జనవరిలో నైజీరియా ప్రభుత్వం అనుమతి పత్రాలు లేని విదేశీయులను రెండు వారాల్లో వెళ్ళిపొమ్మన్నది. వారిలో సుమారు పది లక్షల మంది ఘానా వారు. అప్పటికి ఘానా తన సరిహద్దును మూసి ఉంచడంతో, తెరిచేదాకా ఎందరో దారిలోనే చిక్కుకుపోయారు. వాళ్ళు సామాను కుక్కుకున్న గళ్ళ సంచికి ‘ఘానా మస్ట్ గో’ అన్న పేరు ఈనాటికీ ఉంది. చేరేసరికి ఘానాలో కరువు, పొలాలనూ అడవులనూ కాల్చేసిన కార్చిచ్చులు. అయినా ఆ పది లక్షల మందిని గ్రామాలు ఇముడ్చుకున్నాయి. పిడికెడు గింజలను పంచుకున్నాయి.

గుమాస్తా గారి కొలత ప్రకారం వారే నిజంగా తిరిగి వచ్చినవారు, ఎందుకంటే వారికి వేరే దారి లేదు. గత్యంతరం లేకపోవడాన్ని దేశభక్తిగా లెక్కకట్టడం నాకు సమ్మతం కాదు.

తేమా గుమాస్తా

పంతులు గారి మాట నాకు గట్టిగానే తగిలింది. వేరే దారి లేకపోవడమే గొప్ప అని నా ఉద్దేశం కాదు. నేను ఇక్కడ చూస్తున్నది చెప్తాను. అద్దె చట్టం 1963 నుంచీ ఉంది. ఆరు నెలలకు మించి ముందస్తు అద్దె తీసుకోరాదన్నది నియమం. ఆచరణలో ఏడాది, రెండేళ్ళ అద్దె ఒకేసారి అడుగుతారు. బోర్గాలు యూరోలు మార్చి కిమ్మనకుండా కట్టేస్తారు, ఆ రేటే పేటకంతా రేటవుతుంది. కరెంటు పోతే (ఇక్కడ దాన్ని ‘దుమ్‌సోర్’ అంటారు, ఆర్పు-వెలిగించు అని అర్థం) వారింట్లో జెనరేటర్ మోగుతుంది, పక్కింట్లో చీకటి. ఊరి కష్టంలో పాలు లేనివాడికి ఊరి మీద కోపం కూడా ఉండదు, కోపం లేనివాడు దాన్ని బాగుచేయడానికి పూనుకోడు. నా బాధ అదీ.

రాళ్ళపాలెం

కోపం ఉండదని ఎలా అంటారండీ? ఘానా మనిషే అయిన పాట్రిక్ అవువా మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం వదిలి వచ్చి 2002లో ఆక్రాలో అషేసి విశ్వవిద్యాలయం ప్రారంభించారు. అక్కడి చదువు మీద అసంతృప్తి లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? బయట చూసి వచ్చినవారికే కోపం ఎక్కువ, ఎందుకంటే పోల్చి చూడగలరు.

అసలు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మనిషి తిరిగి వచ్చాడా లేదా అని మనం తేలుస్తున్నాం కానీ, దేశం అతన్ని తిరిగి తీసుకున్నదా? ఇంకో దేశానికి విధేయత ఉన్నవారు పార్లమెంటుకు పోటీ చేయడానికి అనర్హులు. రాయబారి, సైన్యాధిపతి, పోలీసు అధిపతి పదవులు కూడా ద్వంద్వ పౌరులకు లేవు. జేమ్స్ జాచీ క్వేసన్ 2020లో అసిన్ నార్త్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు గెలిచారు. నామినేషన్ వేసే నాటికి కెనడా పౌరసత్వం రద్దు ప్రక్రియ పూర్తి కాలేదన్న కారణంతో 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను కొట్టివేసింది. జూన్ 27న జరిగిన ఉప ఎన్నికలో అదే ఓటర్లు అతన్నే మళ్ళీ గెలిపించారు. చట్టానికి అక్కరలేని మనిషి ఊరికి కావలసివచ్చాడు.

మన సంగతి చూసినా అంతే. అమెరికా పౌరుడైన మన పిల్లవాడు ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) వచ్చి తెనాలి దగ్గర తాతల నాటి పొలం పక్కన ఇంకో ఎకరం కొనబోతే, వ్యవసాయ భూమి కొనే హక్కు అతనికి లేదు.

నీలిమేఘం

రాళ్ళపాలెం గారు చెప్పినదానికి ఒక విడ్డూరం జోడిస్తాను. నాలుగు వందల ఏళ్ళ కిందట బానిస నౌకల్లో తరలిపోయినవారి సంతతిని ఘానా 2019లో ‘తిరిగి రాక సంవత్సరం’ పేరిట ఆహ్వానించి, ఆ నవంబరులో 126 మందికి పౌరసత్వం ఇచ్చింది. అందులో అన్యాయమేమీ లేదు, ఆ కన్నీటికి విలువ కట్టలేం. కానీ కుమాసిలో పుట్టి జర్మనీ షరతుకు తలవంచిన గిడ్డంగి పర్యవేక్షకుడికి మాత్రం 2000 నాటి వలస చట్టం చూపే దారి ‘నివాస హక్కు’ అనే అనుమతి, అది కూడా దరఖాస్తు పెట్టుకుని. జర్మనీ తన షరతును 2024 జూన్‌లో ఎత్తేసింది. అప్పటికే వదులుకున్నది దానంతట అది తిరిగి రాదు కదా.

తేమా గుమాస్తా

నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం, అంటే కష్టంలో పాలుపంచుకోవడం గురించినది, ఉంచుతున్నాను.

నిన్న అతన్నే సూటిగా అడిగాను. కుమాసి వైపు అకాన్ జాతి కుటుంబాల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది; మేనమామను ‘వోఫా’ అంటారు, పూర్వం మేనమామ ఆస్తి మేనల్లుడికే దక్కేది. భార్యకూ పిల్లలకూ ప్రధాన వాటా ఇచ్చే చట్టం 1985లో వచ్చినా, కుటుంబపు భూమి మాట వేరు. అతను హాంబర్గు నుంచి డబ్బు పంపి కొనిపించిన స్థలం అక్క పేరున ఉంది. మొన్న పునాది తీసేటప్పుడు అక్క కొడుకు వచ్చి, “వోఫా, ఇటుకలు నేను తెప్పిస్తాను, నువ్వు అడిగితే బోర్గా రేటు చెప్తారు” అన్నాడట. బస్తాలు దించుతూ ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు. పాస్‌పోర్టు సంగతి మాత్రం ఎత్తలేదు.